రెండు కాగితాల మందం

పగలంతా నా ఎడమచేయి
పెరంబూరు మందుల షాపులో బిల్లులు చింపుతుంది.
రాత్రి నాలుగు లావుపాటి తీగల వెనక చేరి
గోడ పడకుండా ఆపే మనిషిలా
బొటనవేలిని మోపి నిలబడుతుంది.

మూర్ మార్కెట్‌లో పదకొండు వేలకి కొన్న బేస్ గిటారు.
గొంతు మంచిదే.
మెడే, మెడ కాదు, రోకలి.
మొదటి మెట్టు దగ్గర చిటికెనవేలు
నిచ్చెన అందని పిల్లాడిలా మునివేళ్ల మీద లేస్తుంది.

"నీ చేతులు చిన్నవక్కా, సన్నమెడది చూసుకో"
అన్నాడు మా తెలుగు చర్చిలో డ్రమ్స్ వాయించే ఏసుపాదం,
జీవితంలో రెండు పుల్లలు తప్ప
ఏదీ పట్టుకోనివాడు.

సరే, ఒకటి అరువు తెచ్చాను.
ఆహా, అరటాకు ఈనె!
రెండు పాటలు వేళ్లు తూనీగలయ్యాయి.
మూడో పాటకి అరచేతిలో ఏమీ లేనట్టనిపించింది.
ఆ లేనిదాన్ని పట్టుకోవడానికి
బొటనవేలు ఇంకా నొక్కింది, ఇంకా.
నాలుగో పాటకి మణికట్టు నుంచి మోచేతి దాకా
ఎవరో తడిబట్ట పిండుతున్నారు.

వేపేరిలో పశువుల ఆసుపత్రి వెనక సందు.
అరుళప్పన్ కొట్టు.
వీణలకి మైనం, గిటార్లకి వెన్నెముక,
వేలాడే ఒక వయొలిన్‌కి ఎప్పటికీ రాని యజమాని.

"ఎంగే వలిక్కుదు?" అన్నాడు. ఎక్కడ నొప్పి?
గిటారుని కాదు, నన్ను.

వాయించమన్నాడు.
వాయిస్తుంటే వేళ్లు చూడలేదు, భుజం చూశాడు.
పట్టీ రెండు రంధ్రాలు పైకి లాగి బిగించాడు.
సగం నొప్పి అక్కడే, ఆ స్టూలు మీదే, దిగిపోయింది.
మిగతా సగం కోసం
మెడని ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకున్నాడు.

కళ్లు మూసుకుని వీపంతా తడిమి
"లావు కాదమ్మా, దీనికి భుజాలు ఎక్కువ" అన్నాడు.
కొన్ని అర్ధచంద్రాలట,
కొన్ని దోనెలట,
పడవ అడుగులా నడుమ గీత తేలినవి కొన్నట.
లావు ఒకటే అయినా వంపు వేరట.
"స్కేలుకి లావు తెలుస్తుంది,
చేతికి వంపు తెలుస్తుంది."
తమిళం కలిసిన ఆ తెలుగు
సాంబారు పోసుకున్న పెరుగన్నంలా ఉంది,
కానీ కడుపు నిండింది.

పగిలిన గాజుముక్క తీసుకుని
సన్నతీగ వైపు భుజాన్ని గీకడం మొదలెట్టాడు.
గీకడం, నా చేతికివ్వడం,
లాక్కోవడం, మళ్లీ గీకడం.
టీ వచ్చింది, చల్లారింది.
ఐదో మెట్టు వెనక ఆగాడు.
అక్కడ వార్నిష్ పోయి చిన్న గుంట.
ఎవరిదో బొటనవేలు,
నాదానికి ఒకటిన్నర రెట్లు,
ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని లేచి వెళ్లింది.
ఏ పాటలకి?
ఎందుకు అమ్మేసుకున్నాడు?

"ఇదీ చదును చేసెయ్యనా?"
వద్దన్నాను.
ఎందుకో నాకూ తెలీదు.
ఆయన అడగలేదు. గుంట చుట్టూ తిరిగి గీకాడు.

నా మెడలు వంచాలని చూసినవాళ్లు
ఇంట్లో ఉన్నారు, షాపులోనూ ఉన్నారు.
ఒక మెడని నా చేతికి ఒప్పించినవాడు
ఈయనొక్కడే.
ఆరు వందలు తీసుకున్నాడు.

"ఎంత తగ్గించారు?"
"రెండు కాగితాల మందం."
మోసపోయాననుకుంటూ బస్సెక్కాను.

ఆదివారం మూడో పాట, నాలుగో పాట.
ఐదో పాట మధ్యలో గుర్తొచ్చింది,
నాకో బొటనవేలు ఉందని.
ఏసుపాదం ఎప్పటిలాగే తొందరపడ్డాడు.
ఈసారి నేను పరుగెత్తలేదు,
వాడే వెనక్కొచ్చాడు.

సోమవారం కౌంటర్లో
రెండు బిల్లులు అతుక్కుని వచ్చాయి.
విడదీయకుండా
వేళ్ల మధ్య పట్టుకుని చూస్తున్నాను.
ఇంతేనా.
ఇంత.
దగ్గుమందు కోసం వచ్చినాయన
మళ్లీ దగ్గాడు.